గోడ వైపు ముఖం

దీవెన ఎడమ చేతి వేళ్ళ మధ్య లేని జీడిపప్పును పట్టుకుంది. కుడి బొటనవేలి గోటితో దాని పొట్టు గీరింది. ఒక పప్పు పళ్ళెంలో పడింది. ఇంకొకటి పడింది. మూడో పప్పు దగ్గర తల ఎత్తి పక్కనున్న మనిషిని చూసి నవ్వింది. చర్చి వెనక సండే స్కూల్ గదిలో ఆ పక్కన బెంచీలు తప్ప ఎవరూ లేరు. అయినా ఉన్నట్టే అనిపించింది. దీవెన పప్పు కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, ఆ మనిషిని అడిగింది: "మీ పాప నడిచిందా?"

ఇంతలో ఆమె వీపు ఉలిక్కిపడింది. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. దీవెన తన ఉంగరపు వేలికి లేని ఉంగరాన్ని రెండుసార్లు తిప్పింది. తర్వాత పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే గోడ వైపు తిరిగిపోయింది.

గది మూల స్తుతి కరెంటు లేని మైకు పట్టుకుని నిలబడి ఉంది. అక్క చేతులు చెప్పేదాన్ని గొంతుతో చెప్పడం ఆమె పని. హైదరాబాదులో రెండేళ్ళు నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చుకున్న పని. ఇంతవరకూ పప్పునీ పళ్ళేన్నీ పాపనీ అక్క చేతులు చెప్పినట్టే చెప్పింది. ఉంగరం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"పెద్దలు మాకు ఒక చోటు చూపించారు," అంది. "ఆ గోడ పక్కన కూర్చుని మేము శ్రద్ధగా పని చేసుకుంటాం."

దీవెన చెప్పింది అది కాదు. ఉంగరం తిప్పడమంటే ఢిల్లీబాబు. ఆమె పనిచేసే జీడి ఫ్యాక్టరీలో చెవులు వినపడని నలుగురు ఆడవాళ్ళూ తమ యజమానికి పెట్టుకున్న గుర్తు అది. ఆయన తమను గోడ వైపు తిప్పించాడనీ, ఒకరి చేతులు ఒకరికి కనపడకుండా చేశాడనీ దీవెన చెప్పింది.

బధిరుల సంఘం కార్యదర్శి ప్రదీప్ కుమార్ కుర్చీలోంచి లేచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శనివారం టెక్కలిలో వికలాంగుల దినోత్సవ సభ ఆయన నెత్తి మీదే ఉంది.

"కళ్ళంట నీళ్ళొచ్చినాయమ్మా. ఇలగే ఉండాల. ముఖ్య అతిథి ఢిల్లీబాబు గారు. హాలు ఇప్పించిందీ ఆయనే. ఆయన్ని ఎక్కడా నొప్పించకుండా సెప్పినావు సూడు, అదీ సదువంటే."

"సరే సార్," అంది స్తుతి.

దీవెన వచ్చి ఆమె మోచెయ్యి తట్టింది. "ఏమన్నాడు?"

"బాగుందన్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయట."

దీవెన ఆయన వైపు చూసింది. ఆయన ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆమె ముఖం విప్పారింది. "గోడ సంగతికి ఏడ్చాడా? చెవులున్నవాడు?" అంది చేతులతో. నమ్మలేనట్టు మళ్ళీ అడిగింది. స్తుతి తల ఊపి, మైకు తీగ చుట్టడం మొదలుపెట్టింది. చేతులకు ఏదో ఒక పని ఉంటే ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ సత్యమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు వేడి ఆముదం రాసుకుంటోంది. ఆమె కూడా అదే జీడి ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది.

"మీ యప్ప సేతుల్తో ఏటి సెప్తాదో నాకు సగమే తెలుస్తాది," అంది స్తుతిని చూసి. "నువ్వు నోటితో ఏటి సెప్తావో మొత్తం తెలవాల. ఏటా ఆట?"

"పని గురించమ్మా. పొట్టు తియ్యడం."

"పొట్టు తియ్యడంలో ఆటేటుంది? ఇదిగో, ఆరోజు అందరూ వత్తన్నారు. ఝాన్సీలక్ష్మి వత్తాది. అయ్యగారు ముందు వరసలో కూసుంటారు. నువ్వేదన్నా అడ్డంగా మాటాడేవనుకో, సోమోరం ఆ గేట్లోంచి నాను ఎలగ ఎల్లాల?"

"ఏమీ మాటాడను."

అమ్మ పెదవుల వేగం దీవెన కనిపెట్టింది. "అమ్మ ఏమంటోంది?"

"శనివారం ఏ చీర కట్టుకోవాలని అడుగుతోంది," అంది స్తుతి చేతులు.

దీవెన ఉత్సాహంగా లోపలికి వెళ్ళి ఆకుపచ్చ చీర తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసింది.

"ఇదేటే? ఆముదం సేతుల్తో ఉన్నాను. పచ్చ చీరేటిప్పుడు?"

"శనోరం నిన్ను ఇది కట్టుకోమంటంది."

"అడక్కుండానే దీనికి చీర మాటే తోచినాదా," అని సత్యమ్మ మొహం మీద నవ్వు వచ్చింది. దీవెన కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వుకోవడం చూసి స్తుతి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ గొడవలు ఇలాగే ఆగేవి.

మర్నాడు మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఝాన్సీలక్ష్మి కబురు పెట్టింది. శనివారం సెలవు కోసం నలుగురి చేతా కాగితం రాయించాలట, అందులో ఏముందో వాళ్ళకు చెప్పాలట.

గేటు దాటగానే ఉడికిన జీడిగింజల ఘాటు ముక్కుకు పట్టింది. పీలింగ్ షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు పళ్ళేల చుట్టూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గుండు పప్పు ఒక పళ్ళెంలోకి, బద్ద ఒక దాంట్లోకి, ముక్క ఇంకో దాంట్లోకి పడుతున్నాయి. నోళ్ళూ ఆగడం లేదు, వేళ్ళూ ఆగడం లేదు. ఎవరి కోడలో సోంపేటలో సెల్లు షాపు పెట్టిందట. ఎవరి బావకో రక్త పరీక్షలో కిడ్నీలు పరవాలేదని వచ్చిందట. "నీకేటే, మీ యాయన వండి పెడతాడు!" అని ఎవరో అంటే షెడ్డంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనూ పొట్టు ఎగురుతూనే ఉంది.

అటు చివర గోడకు మూరెడు దూరంలో నాలుగు వీపులు కనిపించాయి. దీవెన, సముద్రపు ఊరి నుంచి వచ్చే నూకాలమ్మ, మరో ఇద్దరు. ఒక్కొక్కరికీ మధ్య మనిషి పట్టేంత ఎడం. ముందు సున్నం గోడ. దీని గురించి అక్క చేతులు చెప్పగా స్తుతి ఎన్నోసార్లు చూసింది. కానీ ఆ నాలుగు మెడలూ ఒకే తీరుగా వంగి ఉండడం చూడటం ఇదే మొదటిసారి.

ఝాన్సీలక్ష్మి పక్క పళ్ళెంలోంచి ఒక ముక్క పప్పు తీసి విసిరింది. అది దీవెన వీపుకు తగిలి కింద పడింది. దీవెన తిరిగి చూసింది.

"పిలిత్తే ఇనపడదు కదా," అంది ఝాన్సీలక్ష్మి నవ్వుతూ. స్తుతి ముఖం చూసి నవ్వు తగ్గించింది. "అలగ సూడకమ్మా. నాను సెడ్డదాన్ని కాను. ఈ నలభై మందీ మాటాడతా పొట్టు తీత్తారు. మీ వోళ్ళు మాటాడాలంటే పప్పు కింద పెట్టాల. నాలుగు మాటలాడుకుంటే నాలుగు మాటల పని ఆగిపోద్ది. అయ్యగారు సూసి, తిప్పేయ్ అన్నారు. తిప్పేసినాను. నువ్వు సదువుకున్నావు, నువ్వే సెప్పు, ఇంకేటి సెయ్యను?"

ఝాన్సీలక్ష్మి చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. స్తుతి కాగితాలు తీసుకుని గోడ వైపు నడిచింది.

కాగితాల మీద సంతకాలు అవుతుండగా ఢిల్లీబాబు షెడ్డులోకి వచ్చాడు. షెడ్డులో మాటలు సగానికి తగ్గాయి. ఆయన కుడి చేత్తో ఎడమ చేతి ఉంగరం తిప్పుకుంటూ స్తుతి ముందు ఆగాడు.

"సత్యమ్మ సిన్న గుంటవి నువ్వేనా? డిగ్రీ సేసినావంట. బాగుంది. మీ యప్ప ఏటి ఆడతాది శనోరం?"

"పని గురించండి."

"మన పని గురించా!" ఆయన నిజంగానే సంతోషపడ్డాడు. "మంచిగా సెప్పు మరి. మీ యమ్మ మోకాళ్ళు నొప్పులంటే పప్పులేరే గ్రేడింగులో కుర్చీ ఏయించినాను. ఇంకెవులికీ నేదు కుర్చీ. ఈలయితే అదీ ఒక ముక్క సెప్పు."

ఆయన నవ్వాడు. అది బెదిరింపో, మామూలు మాటో స్తుతి తేల్చుకోలేకపోయింది.

దీవెన ఇద్దరి ముఖాలనూ చూస్తోంది. ఉంగరం తిప్పినట్టు వేలు చూపి, "ఏమంటున్నాడు?" అంది.

"నిన్ను బాగా చెయ్యమంటున్నాడు."

దీవెన ఆయన వైపు మర్యాదగా తల వంచి, మళ్ళీ గోడ వైపు తిరిగి పప్పు అందుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆఖరి రిహార్సల్. యువరాజు ఒక పాత ప్రొజెక్టరూ తన ఫోనూ పట్టుకుని వచ్చాడు. సంతబొమ్మాళి వైపు సముద్రపు ఊరి మత్స్యకారుల అబ్బాయి, దీవెనలాగే పుట్టు చెవిటివాడు. సభలో అతని ఆట అల. రెండు చేతులతో అలను లేపి, అరచేతిని పడవ చేసి దాని మీద ఎక్కించి దించుతాడు. అది చూస్తున్నంతసేపూ మన కాళ్ళ కింద నేల ఊగుతుంది. అల ఆడనప్పుడు వలలు అల్లుతాడు, ఖాళీ దొరికితే ఫోనులో ఏదో ఒకటి తవ్వుతుంటాడు.

"ఇది చూడండి," అన్నాయి అతని చేతులు. "ఎవరైనా మాట్లాడితే ఇది అక్షరాలుగా రాస్తుంది. రేపు పెద్దపెద్దవాళ్ళు గంటలు గంటలు మాట్లాడతారు. స్తుతి ఒక్కతే ఎంతసేపు చేతులాడిస్తుంది? తెర మీద మనమే చదువుకోవచ్చు."

ప్రదీప్ కుమార్ మైకులో "హలో, ఒకటి, రెండు" అన్నాడు. గోడకు కట్టిన దుప్పటి మీద ఆ మాటలు పడ్డాయి. గదిలో ఉన్న ఏడెనిమిది మంది చేతులు పైకెత్తి గాలిలో ఊపారు. వాళ్ళ చప్పట్లు అవి.

స్తుతి అప్పటికి ఏమీ అనుకోలేదు. దీవెన పీట వేసుకుని కూర్చుంది. స్తుతి మైకు అందుకుంది. పప్పు, పళ్ళెం, పాప. ఉంగరం. నోరు మూడు రోజులుగా అలవాటైన మాటే చెప్పేసింది.

దీవెన గోడ వైపు తిరిగింది. ఆ గోడకే దుప్పటి ఉంది.

ఆమె చేతులు ఆగిపోయాయి. పదో తరగతి దాకా బధిరుల బడిలో చదివింది. నెమ్మదిగా చదువుతుంది, కానీ ఒక్క అక్షరం విడిచిపెట్టదు. పెదవులు కదిలించుకుంటూ చదివింది. 'పెద్దలు మాకు ఒక చోటు చూపించారు. ఆ గోడ పక్కన కూర్చుని మేము శ్రద్ధగా పని చేసుకుంటాం.'

యువరాజు నవ్వేశాడు. "ఫోన్ తప్పు రాసింది!"

దీవెన స్తుతిని చూసింది. తప్పించుకునే దారి యువరాజే చూపించాడు. స్తుతి చేతులు ఆ దారిలోకి వెళ్ళిపోయాయి.

"ఫోనుకి మన యాస రాదు. ఎక్కడో పట్నంలో తయారు చేస్తారు కదా. మన మాటలు దానికి అర్థం కావు."

దీవెన తల ఊపింది. లేచి యువరాజు చేతిలోంచి ఫోను తీసుకుంది. వేలితో పైకి జరిపింది. పప్పు దగ్గర ఆగి, "ఇది సరిగ్గా ఉంది," అంది. పళ్ళెం దగ్గర ఆగింది. "ఇదీ సరిగ్గా ఉంది." 'మీ పాప నడిచిందా' దగ్గర ఆగి చూపించింది. తర్వాత ఉంగరం తిప్పింది.

"ఈ ఫోనుకి ఢిల్లీబాబు అంటే భయమా?"

స్తుతి చేతులు మైకు తీగను వెతుక్కున్నాయి.

"బుధవారం ప్రదీప్ సార్ దేనికి ఏడ్చాడు?"

తీగ స్తుతి వేళ్ళ చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది.

"చీర సంగతి అమ్మ అడిగిందా? నిన్న ఉంగరం ఏమన్నాడు?" దీవెన చేతులు ఒక్కో ప్రశ్నకూ చిన్నవవుతున్నాయి, మనిషి గొంతు తగ్గినట్టు. చివరికి ఛాతీ దగ్గర, దాదాపు కనపడకుండా అడిగింది. "ఇంకా ఏవేవి?"

"ఏటైందమ్మా? ఎందుకు ఆపేసినారు?" అన్నాడు ప్రదీప్ కుమార్.

"రేపటికి నాకు బదులు వేరే ఇంటర్‌ప్రెటర్‌ని పిలవండి సార్."

"రేపటికా? శ్రీకాకుళంలో ఉన్నామె ఇంకో సభకి ఒప్పుకుంది. నువ్వు తప్ప దిక్కు నేదమ్మా, ఇప్పుడిలగంటే నా ప్రాణం పోద్ది," అని ఆయన నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇంటి దాకా దీవెన నాలుగు అడుగులు ముందే నడిచింది. ఇంట్లో కంచం తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

చెవులున్నవాళ్ళు అలిగితే వెనక నుంచైనా ఒక మాట అనవచ్చు. విననట్టు నటించినా వాళ్ళకు వినపడుతుంది. దీవెన ముఖం తిప్పుకుంటే ఆమెకు చెప్పడానికి ఈ లోకంలో ఏ దారీ లేదు. స్తుతి వెనక నిలబడి చేతులు ఎత్తింది, దించింది. 'తప్పయింది' అని అక్క వీపుకు చెప్పుకుంది.

"ఏటే ఇద్దరికీ?" అంది సత్యమ్మ. "రేపు సభ పెట్టుకుని మూతిముడుపులేటి?"

స్తుతి కూలబడి అంతా చెప్పేసింది. ఉంగరం, గోడ, తను మార్చిన మాటలు, ఫోను. ఢిల్లీబాబు కుర్చీ గురించి అన్న మాట కూడా చెప్పింది. చీర సంగతి చెప్పినప్పుడు సత్యమ్మ ఆ ఆకుపచ్చ చీర వైపు చూసింది.

"గోడకేసి కూసోబెట్టినారని నాకూ తెలుసు," అంది చివరికి. "ఆ పక్క కిటికీ ఉంది కదా, ఎలుతురుకనుకున్నాను. ఎవుల్నడగాల? అది సెప్తే నాకు తెలీదు. తెలిసిన దానివి నువ్వు సెప్పవు."

"నీ కుర్చీ తీసేత్తారేమోనని, అమ్మా."

"తీసేత్తే తీసేత్తారు. పంతొమ్మిదేళ్ళు పీట మీద కూసునే కదా ఈ మోకాళ్ళు పోయినాయి. కుర్చీ ఇచ్చినాడని దాన్ని గోడకి తిప్పమన్నానా?" ఆమె ఒక మోకాలు చేత్తో నొక్కుకుంది. "నాకు భయమే. లేదనను. ఆ గేటు మూసేత్తే ఎక్కడికెల్తాం? కానీ నా భయం నాను పడతాను. నాకు బదులు నువ్వు పడీసి, దాని నోటికి అడ్డమెట్టినావు సూడు, అది తప్పే గుంటా."

ఆమె గోడ పట్టుకుని లేచింది. దీవెనకూ గోడకూ మధ్య మూరెడు జాగా ఉంది. కంచం పక్కకు జరిపి, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ, ఆ మూరెడు జాగాలోకి దూరి కూతురి ముఖానికి ఎదురుగా కూర్చుంది. సత్యమ్మకు బడి సైగలు రావు. ఇంట్లో పుట్టిన సైగలే వచ్చు. ఉంగరం తిప్పింది. కుర్చీలో కూర్చున్నట్టు నడుము నిటారుగా పెట్టింది. మోకాలు తట్టుకుంది. కుర్చీ ఎత్తి బయట పారేసినట్టు చెయ్యి విసిరింది. తర్వాత తన గుండె మీద అరచెయ్యి వేసుకుని పరవాలేదన్నట్టు ఊపింది.

దీవెన ఆ సైగలన్నీ చూసింది. అమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. చెల్లి వైపు మాత్రం తిరగలేదు.

శనివారం పొద్దున పలాస నుంచి టెక్కలి దాకా బస్సులో స్తుతి ఒక సీటులో, వాళ్ళిద్దరూ ఇంకో సీటులో కూర్చున్నారు. హాలు నిండిపోయింది. కోటబొమ్మాళి నుంచి, సంతబొమ్మాళి నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచీ వచ్చిన బధిరులు ఎడమ వైపు వరసల్లో కూర్చున్నారు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, జనం తలల మీదుగా, చేతులతో పలకరించుకుంటున్నారు. స్టేజీ మీద వెనక గోడంతా తెల్లటి తెర. యువరాజు ఫోనును మైకు పక్కన కట్టాడు.

ముందుగా ఢిల్లీబాబు మాట్లాడాడు. స్తుతి పక్కన నిలబడి ఆయన మాటలను చేతుల్లోకి మార్చసాగింది.

"నా ఫేక్టరీలో నలుగురు మూగోళ్ళున్నారు," అన్నాడాయన. "బంగారాలు. నోరు నేదు గాబట్టి పని సానా బాగా సేత్తారు. నోరున్నోళ్ళతోనే నా తలనొప్పంతా!"

కుడి వైపు వరసలన్నీ నవ్వాయి. స్తుతి చేతులు అలవాటు కొద్దీ 'శ్రద్ధగా' అనే సైగ వైపు వెళ్ళబోయాయి. వాటిని ఆపింది. "నోరు లేదు. అందుకే పని బాగా చేస్తారు," అని చేసింది. "నోరున్నవాళ్ళతోనే నాకు తలనొప్పి," అని చేసింది. వినపడే మరో సంగతి మిగిలి ఉంది. దాన్నీ చేసింది. "జనం నవ్వుతున్నారు."

ఎడమ వైపు చేతులన్నీ ఆగిపోయాయి. నూకాలమ్మ పక్కామెను గిల్లి, "అలా అన్నాడా నిజంగా?" అంది. పక్కామె తెర చూపించింది. అక్షరాలు అక్కడ ఉన్నాయి. ఇటువంటి మాటలు ఇన్నేళ్ళూ తన చేతుల దగ్గర ఆగిపోయాయని స్తుతికి తెలుసు. అవి ఇప్పుడు వాళ్ళ ముఖాల మీద దిగుతుంటే చూడలేకపోయింది. అయినా తల దించుకుంటే తన ముఖం వాళ్ళకు కనపడదని చూస్తూనే ఉంది.

తర్వాత దీవెన పీట పట్టుకుని స్టేజీ ఎక్కింది. స్తుతి ఆమెకు ఎదురుగా, మెట్ల దగ్గర, మైకుతో నిలబడింది. నిన్నటి సాయంత్రం తర్వాత మొదటిసారి అక్క ఆమె కళ్ళలోకి చూసింది. చేతులు ఎత్తింది. అవి పప్పు పట్టుకోలేదు.

ఇది రిహార్సల్‌లో లేదు.

"నా పేరు దీవెన," అంది స్తుతి మైకులో. "ఇప్పుడు మీకు వినిపిస్తున్న గొంతు నాది కాదు. మా చెల్లిది."

తెర మీద అక్షరాలు పడ్డాయి. దీవెన తల తిప్పి చదివి, మళ్ళీ ఇటు తిరిగింది.

"మా చెల్లి..." స్తుతి ఒకసారి తెర వైపు చూసి మైకు దగ్గరికి జరుపుకుంది. "మా చెల్లి నా మాటలు మారుస్తుంది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆటలో భాగమనుకున్నారు. దీవెన చదివింది. ఇటు తిరిగింది.

"నన్ను కాపాడాలని మారుస్తుంది. కాపాడమని నేను అడగలేదు. ఇవాళ తెర చదువుకుంటూ ఆడతాను. నా మాట తప్పితే ఆట ఆపేస్తాను."

ఆ మాటలు ఒక్కొక్కటీ తన గొంతులోంచే, తన మీదే బయటికి వచ్చాయి. స్తుతి మైకును రెండు చేతులతో పట్టుకుంది. చివరి వరసలో సత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది.

దీవెన పీట వేసుకుని కూర్చుంది. పప్పు గీరింది. పళ్ళెంలో వేసింది. పక్క మనిషిని పాప గురించి అడిగింది. ఎడమ వైపు నవ్వులు మెరిశాయి. స్తుతి చెప్పుకుంటూ పోయింది. వీపు ఉలిక్కిపడింది. దీవెన ఉంగరం తిప్పింది.

ముందు వరసలో ఢిల్లీబాబు కుడి చెయ్యి తన ఉంగరం మీద ఆగిపోయింది.

"మా యజమాని ఢిల్లీబాబు," అంది స్తుతి, "మమ్మల్ని గోడ వైపు తిప్పించాడు. ఒకరి చేతులు ఒకరికి కనపడకుండా."

దీవెన తల తిప్పి చదివింది. ఈసారి ఎక్కువసేపు చదివింది. ఢిల్లీబాబు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని తను కూడా చదివాడు. కుర్చీలోంచి లేవలేదు.

"నలభై మంది నోళ్ళు ఆగవు. మా చేతులు ఆగాలట. పిలవాలంటే వీపు మీద ముక్క పప్పు విసురుతారు. అక్కడ..."

అక్కడ దీవెన పీటతో సహా వెనక్కి తిరిగిపోయింది. హాలుకు వీపు పెట్టి, తెరకు ఎదురుగా కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. మోచేతులు కదులుతున్నాయి. ఏదో చెబుతోంది. పెద్ద సంగతే, ఆగకుండా చెబుతోంది. ఆమె చేతులు ఆమె ఒంటి వెనక ఉండిపోయాయి.

స్తుతికి ఏమీ కనపడలేదు.

ఏదో ఒకటి చెప్పాలి. అక్క ఏమంటుందో ఊహించగలదు. ఊహించి చెప్పడం ఆమెకు బాగా వచ్చు. మెట్ల కింద నుంచి ప్రదీప్ కుమార్ చెయ్యి ఊపుతున్నాడు, మాట్లాడమని. నోటి దాకా ఒక మంచి వాక్యం వచ్చింది. ఎదురుగా ఖాళీ తెర. దాని ముందు అక్క తల, చదవడానికి సిద్ధంగా, నిటారుగా ఉంది.

స్తుతి పెదవులు మూసుకుంది.

తెర మీద ఒక్క అక్షరం పడలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. ఎడమ వైపు బధిరులు మెడలు చాచి, పక్కలకు వంగి చూశారు. వాళ్ళకూ కనపడలేదు. దీవెన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"మైకు పోయినాదేటి?" అని వెనక నుంచి ఒక మగ గొంతు అరిచింది. "ఏటి సెప్తందామె? నోరు తెరవమ్మా!"

స్తుతి కదలలేదు.

"కూసోరా!" మూడో వరసలోంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. ఝాన్సీలక్ష్మి. లేచి నిలబడిందని తనకే తెలిసినట్టు లేదు. "గోడకేసి కూసుంటే దాని సేతులెలగ కనపడతాయిరా? కనపడకపోతే ఆ గుంట ఏటని సెప్తాది?"

అని, చుట్టూ చూసి, చప్పున కూర్చుండిపోయింది.

ఇంకా కాసేపు తెర తెల్లగానే ఉంది. అప్పుడు దీవెన భుజాలు ఆగాయి. ఆమె పీట మీద ఇటు తిరిగింది. ఇంక తెర వైపు చూడలేదు. చెల్లిని చూసి చేతులు ఎత్తింది.

స్తుతి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.